దిగే వేళే గండం
చిన్న విమానాలకు చివరి నిమిషమే కీలకం

మధ్యప్రదేశ్‌లోని రీవా పట్టణ శివారు.. చోర్హటా ఎయిర్‌స్ట్రిప్ పరిసరాలు. 2023 జనవరి 5 రాత్రి దట్టమైన పొగమంచు కమ్ముకుంది. రన్‌వేపై దిగేందుకు వస్తున్న శిక్షణ విమానం సమీపంలోని డుమ్రీ గ్రామంలో ఆలయ శిఖరాన్ని, విద్యుత్తు తీగలను తాకి కూలిపోయింది. శిక్షకుడైన పైలట్ ప్రాణాలు కోల్పోయారు. ఆయన వద్ద శిక్షణ పొందుతున్న యువకుడు గాయాలతో బయటపడ్డాడు. కూలిన చోటికి రన్‌వే ఎంతో దూరంలో లేదు. మరికొద్ది సేపు గడిచి ఉంటే చక్రాలు నేలను తాకేవి.

తెలుగువారికి గగన ప్రమాదాలు అనగానే మూడు ఘటనలు గుర్తుకొస్తాయి. 2002 మార్చి 3న నాటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి, 2004 ఏప్రిల్ 17న బెంగళూరులోని జక్కూరులో సినీనటి సౌందర్య, 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవుల్లో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి అసువులు బాశారు. మొదటిది, మూడోది హెలికాప్టర్ ప్రమాదాలు. సౌందర్య కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన చిన్న సెస్నా విమానం పైకి లేచిన కొద్దిసేపటికే కూలింది. రన్‌వేకు చేరువై దిగే క్రమంలో చిన్న విమానాలకు జరిగే ప్రమాదాలకు ఇంతటి ప్రచారం లభించదు. మృతులు ఒకరో ఇద్దరో ఉంటారు. మరునాటి పత్రికలో నాలుగు వాక్యాల వార్త.. అంతటితో సరి.

నాగార్జునసాగర్, బేగంపేట పరిసరాల వారికి శిక్షణ విమానాల చప్పుడు కొత్త కాదు. 2022 ఫిబ్రవరి 26న సాగర్ నుంచి బయలుదేరిన సెస్నా 152 విమానం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద పొలాల్లో కూలి, ఒంటరిగా శిక్షణలో ఉన్న యువతి దుర్మరణం పాలయ్యారు. 2019 అక్టోబరులో బేగంపేట నుంచి వెళ్లిన సెస్నా 172 వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ వద్ద పత్తి చేలో కూలగా ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. ఈ రెండూ దిగే సమయంలో జరిగినవి కావు. అయితే వాణిజ్య పైలట్ లైసెన్సుకు మన దేశంలో కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటలు పూర్తి చేసేలోగా ఒక్కో శిక్షణార్థి వందల సార్లు విమానాన్ని నేలకు దించవలసి వస్తుంది. లక్షల రూపాయలు అప్పు చేసి పిల్లలను ఈ చదువుకు పంపే తల్లిదండ్రులకు, ఎయిర్‌స్ట్రిప్‌ల పక్కన కాపురం ఉండే గ్రామస్థులకు విమానం దిగే తీరు ఎలా ఉంటుందో, ఎక్కడ తప్పుతుందో తెలిసి ఉండడం అవసరం.

రెండు నిధులూ అడుగంటే వేళ

గాలిలో ఉన్న విమానానికి రెండు నిధులు ఉంటాయి. ఒకటి ఎత్తు, రెండోది వేగం. ఏ ఇబ్బంది వచ్చినా పైలట్ ఒకదాన్ని ఖర్చు చేసి మరొకదాన్ని సంపాదిస్తారు. విమానం ముక్కు దించితే ఎత్తు తగ్గి వేగం పెరుగుతుంది. ముక్కు ఎత్తితే వేగం తగ్గి కొంత ఎత్తు వస్తుంది. 5 వేల అడుగుల ఎత్తులో ఇంజిన్ పూర్తిగా ఆగిపోయినా సెస్నా 172 వంటి విమానం రాయిలా పడిపోదు. పది కిలోమీటర్లకు పైగా గాలిలో జారుతూ వెళ్లి చదునైన చేను వెతుక్కోగలదు. దిగేటప్పుడు మాత్రం ఈ రెండు నిధులనూ కావాలనే తగ్గించుకోవాలి. లేకుంటే రన్‌వేపై ఆగడం సాధ్యం కాదు. అంటే పొరపాటును దిద్దుకునే శక్తి అతి తక్కువగా ఉన్న సమయంలోనే పైలట్‌కు అతి ఎక్కువ పని ఉంటుంది.

చిన్న విమానాలు సాధారణంగా రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రాకారంలో తిరిగి దిగుతాయి. రన్‌వేకు సమాంతరంగా, సుమారు వెయ్యి అడుగుల ఎత్తులో, గాలివాటున సాగే భాగాన్ని డౌన్‌విండ్ అంటారు. అక్కడి నుంచి లంబంగా తిరిగితే బేస్. మరోసారి లంబంగా తిరిగి రన్‌వేకు ఎదురుగా వస్తే అది ఫైనల్. ఫైనల్‌కు వచ్చేసరికి ఎత్తు సుమారు 500 అడుగులకు చేరుతుంది. నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగుతున్న విమానానికి అప్పటికి మిగిలింది ఒక్క నిమిషమే. సెస్నా 172 ఆ సమయంలో దాదాపు 65 నాట్ల వేగంతో, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. జాతీయ రహదారిపై కారు వేగం కన్నా పెద్ద ఎక్కువేమీ కాదు. ఎదురుగాలి ఒక్కసారిగా 10 నాట్లు తగ్గిందంటే ఉన్న వేగంలో ఆరో వంతు పోయినట్లే. పెద్ద జెట్ విమానానికి ఇది ఒక కుదుపు. చిన్న విమానానికి ప్రాణసంకటం.

ఈ నిమిషంలో పైలట్ వేగం చూసుకోవాలి. రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాప్స్‌ను విడతలవారీగా దించాలి. పక్కనుంచి తోసే గాలికి సరిచూసుకోవాలి. ముందు వెళ్లే విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదో గమనించాలి. రేడియోలో కంట్రోల్ టవర్‌కు బదులివ్వాలి. పెద్ద విమానాల్లో ఈ పనులను ఇద్దరు పంచుకుంటారు. సొంత విమానం నడుపుకొనేవారు చాలావరకు ఒంటరిగానే చేయాలి.

స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు

విమాన ప్రమాద వార్తల్లో ‘స్టాల్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. బండి ఇంజిన్ ఆగిపోయినట్లు విమానం ఇంజిన్ ఆగిపోయిందని చాలామంది అర్థం చేసుకుంటారు. వాస్తవానికి ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేస్తున్నా స్టాల్ సంభవించవచ్చు. బస్సు కిటికీలోంచి అరచేయి చాపి కొద్దిగా వంపు పెడితే గాలి చేతిని పైకి లేపుతుంది. వంపు మరీ పెంచితే ఆ లేపే గుణం పోయి చేతిని వెనక్కి తోయడం మొదలుపెడుతుంది. రెక్క విషయంలోనూ అంతే. గాలి వచ్చే దిశకు, రెక్కకు మధ్య కోణం ఒక హద్దు దాటితే రెక్క పైభాగాన గాలి ప్రవాహం చెదిరిపోతుంది. విమానాన్ని మోసే బలం హఠాత్తుగా పడిపోతుంది. దీనికి మందు ఒకటే. ముక్కు దించి, వేగం పెరగనివ్వాలి. అందుకు కొన్ని వందల అడుగుల ఎత్తు కావాలి. ఒక రెక్క ముందుగా పట్టు తప్పి విమానం గిరగిరా తిరగడం మొదలైతే దాన్ని స్పిన్ అంటారు. దాని నుంచి కోలుకోవడానికి వెయ్యి అడుగులైనా పట్టవచ్చు. ఫైనల్‌కు తిరిగే చోట అంత ఎత్తు ఉండదు.

బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే ఆ మలుపుకే విమానయాన శిక్షణలో చెడ్డపేరు ఎక్కువ. కారణం ఇదీ. గాలి వెనుక నుంచి తోస్తుంటే విమానం అనుకున్నదానికన్నా ముందుకు వెళ్లిపోతుంది. రన్‌వే వరుస దాటిపోతున్నట్లు కనిపించగానే పైలట్ మరింత గట్టిగా వంచి తిప్పబోతారు. వంపు పెరిగేకొద్దీ రెక్కలపై భారం పెరుగుతుంది. ఎత్తు కోల్పోకుండా 30 డిగ్రీల వంపుతో తిరిగితే స్టాల్ అయ్యే వేగం 7 శాతం పెరుగుతుంది. 45 డిగ్రీలకు 19 శాతం, 60 డిగ్రీలకు 41 శాతం పెరుగుతుంది. నిటారుగా వెళ్లేటపుడు భద్రమైన వేగమే మలుపులో చాలకుండా పోతుంది. నేల దగ్గరగా ఉందన్న భయంతో ఎక్కువ వంచడానికి జంకే పైలట్లు కొందరు అందుకు బదులు కాలితో రడ్డర్‌ను గట్టిగా తొక్కి ముక్కును రన్‌వే వైపు లాగబోతారు. ఇది మరీ ప్రమాదం. రెండు రెక్కలూ సమంగా గాలిని పట్టుకోలేక ఒకటి ముందుగా జారిపోతుంది. విమానం తలకిందులై స్పిన్‌లోకి వెళుతుంది.

హ్యూస్టన్ నేర్పిన పాఠం

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 2016 జూన్ 9న జరిగిన ప్రమాదం ఈ విషయంలో తరచూ చర్చకు వస్తుంది. ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ నుంచి సిరస్ ఎస్ఆర్20 విమానంలో ముగ్గురు బయలుదేరారు. పైలట్ ఒక మహిళ. వెంట ఆమె భర్త, ఆయన సోదరుడు ఉన్నారు. హ్యూస్టన్‌లో చికిత్స పొందుతున్న ఇంటి పెద్దను చూడటానికి ఆ ప్రయాణం. ఆమెకు 300 గంటలకు పైబడిన అనుభవం ఉంది. మధ్యాహ్నం వేళ. పొగమంచు లేదు, ఇంజిన్‌లో లోపం లేదు.

వారు దిగదలచిన హాబీ విమానాశ్రయం రద్దీగా ఉండేది. బోయింగ్ 737 విమానాల వరుసలో ఈ చిన్న విమానాన్ని ఇమడ్చడం కంట్రోలర్లకు కష్టమైంది. వెనుక వస్తున్న జెట్ విమానం చేరువ కావడంతో తొలిసారి ఆమెను దిగకుండా పక్కకు తప్పించారు. తర్వాత మరో రన్‌వే కేటాయించారు. ఈసారి ఎత్తు ఎక్కువైంది. మళ్లీ పైకి వెళ్లి చుట్టి వచ్చారు. మూడోసారీ ఎత్తు ఎక్కువే. ప్రతిసారీ కొత్త ఆదేశాలు, కొత్త మలుపులు. మూడోసారి పైకి వెళ్లే క్రమంలో వేగం చాలినంత లేకుండానే ఫ్లాప్స్ పైకి తీయడం, అదే సమయంలో ఎడమవైపు తిరగడంతో విమానం స్టాల్ అయి స్పిన్‌లోకి జారింది. ఒక దుకాణం ముందు నిలిపి ఉంచిన కారుపై పడింది. ముగ్గురూ మరణించారు. కారులో ఎవరూ లేరు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి (ఎన్‌టీఎస్‌బీ) తన దర్యాప్తులో ప్రధాన కారణంగా పైలట్ గో అరౌండ్ విధానంలో చేసిన పొరపాటును పేర్కొంది. కంట్రోలర్ల పాత్రనూ విడిచిపెట్టలేదు. చిన్న విమానాన్ని రద్దీలోనే తిప్పుతూ ఉంచడం, కీలక సమయంలో చిక్కుముడి వంటి ఆదేశాలు ఇవ్వడం కూడా ప్రమాదానికి దోహదం చేశాయని తేల్చింది. పైలట్ గట్టిగా తన ఇబ్బంది చెప్పుకోలేకపోవడాన్నీ ప్రస్తావించింది. ఒక్క మాట.. ‘నావల్ల కాదు, కొద్దిసేపు దూరంగా వెళ్లి ఊపిరి తీసుకుని వస్తాను’ అనే హక్కు పైలట్‌కు ఎప్పుడూ ఉంటుంది. ఆ హక్కును వాడుకోవడం శిక్షణలో నేర్పాలి. పెద్దవారి మాటకు ఎదురు చెప్పరాదన్న పెంపకంలో పెరిగిన మన పిల్లలకు ఇది మరీ అవసరం.

ఆ సిరస్ విమానానికి మొత్తం విమానాన్నే మోసుకుంటూ దింపే పారాచూట్ ఉంది. అది వందల ప్రాణాలు కాపాడిన సాధనం. కానీ అది పూర్తిగా విచ్చుకోవడానికీ కొన్ని వందల అడుగుల ఎత్తు కావాలి. దిగే వేళ ఆ ఎత్తే ఉండదు.

పొగమంచు.. తీగలు

మరో తరహా ప్రమాదాల్లో విమానం పైలట్ అదుపులోనే ఉంటుంది. ఎదురుగా ఉన్నది కనిపించదు. రీవా ఘటన ఈ కోవలోనిదే. 2025 మే 22 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని శాన్‌డీగో నగరంలోనూ ఇలాగే జరిగింది. న్యూయార్క్ సమీపంలోని టీటర్‌బరో నుంచి బయలుదేరి, మధ్యలో ఇంధనం నింపుకొని, రాత్రంతా ప్రయాణించి వచ్చిన సెస్నా సైటేషన్ జెట్ రన్‌వేకు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో విద్యుత్తు తీగలను తాకి ఇళ్ల మధ్య కూలింది. విమానంలోని ఆరుగురూ మరణించారు. కాలనీలో ఇళ్లు, కార్లు దగ్ధమైనా అక్కడి నివాసులెవరూ మృతి చెందకపోవడం గమనార్హం. ఆ సమయానికి విమానాశ్రయంలో వాతావరణ సమాచారం అందించే యంత్రం పనిచేయడం లేదని, రన్‌వే వరుసను చూపే దీపాలు కూడా వెలగడం లేదని ప్రాథమిక దర్యాప్తులో వెల్లడైంది. దట్టమైన పొగమంచు, అలసట కలిగించే ప్రయాణం, ఆరిన దీపాలు.. ఒక్కోటి విడిగా ఉంటే దాటిపోయే ఇబ్బందులే. అన్నీ ఒక్క రాత్రి కలిశాయి.

మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ వద్ద 2019 ఆగస్టు 27న ధనీపూర్ ఎయిర్‌స్ట్రిప్‌లో దిగబోతున్న చిన్న విమానం చక్రాలకు విద్యుత్తు తీగలు చిక్కుకున్నాయి. విమానం కూలి మంటలు లేచినా అందులోని ఆరుగురు ప్రాణాలతో బయటపడ్డారు. 2021 మే 6న కొవిడ్ రెండో దశ తీవ్రంగా ఉన్న రోజుల్లో రెమ్‌డెసివిర్ మందు తీసుకువస్తున్న మధ్యప్రదేశ్ ప్రభుత్వ విమానం గ్వాలియర్‌లో రన్‌వే అంచున లేపి ఉంచిన అరెస్టర్ బారియర్‌ను ఢీకొంది. యుద్ధవిమానాలను ఆపేందుకు వాడే వల అది. విమానంలోని ముగ్గురూ గాయపడ్డారు.

2011 మే 25 రాత్రి ఫరీదాబాద్‌లో జరిగినది అన్నింటికన్నా విషాదకరం. పట్నా నుంచి రోగిని తీసుకుని దిల్లీ వస్తున్న ఒంటి ఇంజిన్ పిలాటస్ పీసీ-12 ఎయిర్ అంబులెన్స్ దిల్లీ విమానాశ్రయానికి చేరువవుతూ, ఈదురుగాలుల వాతావరణంలో అదుపు తప్పి పర్వతీయ కాలనీలోని ఇళ్లపై పడింది. విమానంలోని ఏడుగురితో పాటు ఇంటి వద్ద ఉన్న ముగ్గురు కూడా బలయ్యారు.

చీకట్లో, పొగమంచులో మనిషి చెవిలోని సమతూకం చెప్పే అవయవం పైలట్‌ను తప్పుదారి పట్టిస్తుంది. విమానం నెమ్మదిగా ఒక పక్కకు ఒరుగుతున్నా నిటారుగా వెళ్తున్నట్లే అనిపిస్తుంది. 1999 జులై 16న అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు తన పైపర్ విమానంలో భార్యతో, ఆమె సోదరితో మార్తాస్ వినియార్డ్ దీవిలో దిగడానికి కిందికి వస్తూ సముద్రంలో కూలిపోయింది ఈ భ్రమ వల్లనేనని దర్యాప్తు తేల్చింది. కింద నల్లని నీరు, పైన మసక ఆకాశం. హద్దురేఖ కనిపించలేదు. పరికరాలను మాత్రమే నమ్మి నడిపే శిక్షణ అందుకే ఇస్తారు. ఆ శిక్షణ పూర్తికానివారు, విమానంలో తగిన పరికరాలు లేనివారు కనుచూపు నియమాల ప్రకారమే నడపాలి. ఆ నియమాలకు మన దేశంలో సాధారణంగా 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి. అది లేనప్పుడు బయలుదేరకపోవడమే మేలు. బయలుదేరాక వాతావరణం మారితే వెనుదిరగాలి. ఎలాగైనా చేరాలన్న పట్టుదల మనిషికి సహజం. పెళ్లికి వెళ్లేవాడికీ, సభకు వెళ్లే నాయకుడికీ, వారిని తీసుకువెళ్లే పైలట్‌కూ అది ఉంటుంది. యజమానే పక్క సీటులో కూర్చుంటే కాదనడం పైలట్‌కు మరింత కష్టం.

విశాఖ నుంచి వెళ్లిన విమానం

2023 సెప్టెంబరు 14 సాయంత్రం ముంబయి విమానాశ్రయంలో దిగుతూ లియర్‌జెట్ 45 విమానం రన్‌వేపై నుంచి పక్కకు దూసుకుపోయి ముక్కలైన సంగతి విదితమే. అది విశాఖపట్నం నుంచి బయలుదేరినదే. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది గాయాలతో బయటపడ్డారు. ఆ సమయంలో భారీ వర్షం. కనిపించే దూరం 700 మీటర్లు మాత్రమే. ఇద్దరు పైలట్లు, ఆధునిక జెట్, దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో ఒకటి.. ఇన్ని ఉన్నా చివరి క్షణాలు చేయి దాటిపోయాయి. పరికరాల సాయంతో రన్‌వే వరుసలోకి వచ్చాక, ఆటోపైలట్ తీసేసి చేత్తో దించే ఆ కొద్ది సెకన్లు పెద్దా చిన్నా తేడా లేకుండా ఎవరికైనా పరీక్షే. వానలో రన్‌వే దీపాలు ఒకసారి కనిపించి మళ్లీ మసకబారితే ఇక పైకి వెళ్లడమే నిబంధన.

ఉక్కపోతలోనూ మంచు

చాలామందిని ఆశ్చర్యపరిచే కారణం మరొకటి ఉంది. పాత తరహా పిస్టన్ ఇంజిన్లలో ఇంధనాన్ని, గాలిని కలిపే కార్బురేటర్ లోపల మంచు పేరుకోవడం. మన కోస్తా వాతావరణంలో మంచు ఏమిటని అనిపించవచ్చు. ఇంధనం ఆవిరయ్యేటప్పుడు, గాలి ఇరుకు దారి గుండా లాగబడేటప్పుడు కార్బురేటర్‌లో ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. బయట 20-25 డిగ్రీల వేడి ఉన్నా గాలిలో తేమ ఎక్కువగా ఉంటే లోపల మంచు కడుతుంది. దిగేటప్పుడు ఇంజిన్ శక్తిని తగ్గించి ఉంచడంతో ఈ ముప్పు పెరుగుతుంది. విచిత్రమేమిటంటే శక్తి తక్కువగా ఉన్నంతసేపూ లోపం బయటపడదు. రన్‌వే ఇంకా దూరంగా ఉండగా ఎత్తు తగ్గిపోతోందని పైలట్ థ్రాటిల్ ముందుకు నెట్టినప్పుడే ఇంజిన్ దగ్గుతుంది. శక్తి తగ్గించే ముందే కార్బురేటర్‌కు వేడి గాలి పంపే మీటను లాగాలని శిక్షణలో పదేపదే చెప్పేది ఇందుకే. సెస్నా 152లో ఈ మీట పైలట్ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. ప్రమాదం జరిగాక మంచు కరిగిపోతుంది కాబట్టి ఆనవాలు దొరకదు. కారణం తేలని ఇంజిన్ వైఫల్యాల్లో దీని వాటాను లెక్కగట్టడం కష్టం.

మళ్లీ పైకి వెళ్లడమే విద్య

భూమికి 500 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి విమానం రన్‌వేకు సరైన వరుసలో, సరైన వేగంలో, సరైన వాలులో, దిగడానికి సిద్ధంగా ఉండాలి. పొగమంచు, మబ్బుల్లో పరికరాలతో దిగేటప్పుడు ఈ హద్దు 1,000 అడుగులు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా దిగే ప్రయత్నం విరమించి పైకి వెళ్లాలి. దీన్నే గో అరౌండ్ అంటారు. వాలు సరిచూసుకోవడానికి పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే పక్కన నాలుగు దీపాల వరుస ఉంటుంది. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే వాలు సరిగ్గా ఉన్నట్లు. నాలుగూ తెల్లగా కనిపిస్తే ఎత్తు ఎక్కువ. నాలుగూ ఎర్రబడితే నేలకు ప్రమాదకరంగా చేరువైనట్లు. చాలా చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో ఈ దీపాలు కనిపించవు. అక్కడ పైలట్ కంటిచూపే కొలబద్ద. రన్‌వే మామూలు కన్నా ఇరుకుగా ఉంటే ఆ కన్ను కూడా మోసపోతుంది. తాను ఎక్కువ ఎత్తులో ఉన్నానని భ్రమపడి పైలట్ ఇంకా కిందికి దించుతారు.

గో అరౌండ్ చెప్పినంత సులువు కాదని హ్యూస్టన్ ఘటనే నిరూపించింది. థ్రాటిల్ పూర్తిగా నెట్టగానే ముక్కు దానంతట అదే పైకి లేవబోతుంది. దాన్ని అదిమిపట్టాలి. వేగం పుంజుకున్న తర్వాతే ఫ్లాప్స్‌ను ఒక్కో మెట్టు చొప్పున తీయాలి. ముందు నిటారుగా ఎక్కాలి, మలుపులు తర్వాత. రేడియోలో జవాబు అన్నిటికన్నా చివర. శిక్షణ కేంద్రాల్లో దిగడం వందల సార్లు అభ్యసిస్తారు గానీ దిగకుండా వెళ్లిపోవడాన్ని అంతగా అభ్యసించరన్నది పాత విమర్శ. దిగలేకపోవడాన్ని చేతకానితనంగా చూసే ధోరణి కూడా ఉంది. తోటివారు చూస్తుండగా రెండుసార్లు చుట్టి వచ్చిన విద్యార్థి మూడోసారి ఎలాగైనా దించేయాలనుకుంటాడు. చాలా ప్రమాదాలకు బీజం అక్కడే పడుతుంది.

చుట్టుపక్కల వారి చేతిలో

ఎయిర్‌స్ట్రిప్‌ల చుట్టూ కట్టడాల ఎత్తుకు చట్టపరమైన హద్దులు ఉన్నాయి. 2015లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం విమానాశ్రయాల పరిసరాల్లో నిర్ణీత ఎత్తు దాటే భవనాలకు, సెల్ టవర్లకు నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. 10 కిలోమీటర్ల పరిధిలో జంతువులను వధించి వ్యర్థాలను బయట పారవేయరాదన్న నిబంధన అంతకన్నా పాతది. కబేళా వ్యర్థాలు, చెత్తకుప్పలు ఉన్నచోట గద్దలు మూగుతాయి. 65 నాట్ల వేగంతో వచ్చే చిన్న విమానం అద్దానికి గద్ద తగిలితే పగిలిపోవచ్చు. సంక్రాంతి రోజుల్లో బేగంపేట వంటి చోట్ల రన్‌వే వరుసలో ఎగిరే గాలిపటాలు, పెళ్లి ఊరేగింపుల్లో ఆకాశంలోకి తిప్పే లేజర్ లైట్లు కూడా పైలట్లకు తలనొప్పే.

ప్రమాదమే జరిగితే ముందుగా చేరేది పొలం పనుల్లో ఉన్నవారే. వారు 112కు గానీ 108కి గానీ ఫోన్ చేయాలి. తీగలు తెగిపడి ఉంటే సబ్‌స్టేషన్‌కు చెప్పి సరఫరా ఆపించేవరకు దగ్గరకు వెళ్లకూడదు. ఈ విమానాలు వాడే ఏవ్‌గ్యాస్ పెట్రోలు వంటిదే. చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బీడీలు, సిగరెట్లు దూరంగా ఉంచాలి. గాయపడినవారిని బయటకు తీయడం మినహా శకలాలను కదపరాదు. జ్ఞాపకంగా ఒక ముక్క పట్టుకుపోయే అలవాటు మరీ చేటు.

సెస్నా 152 వంటి విమానాల్లో బ్లాక్‌బాక్స్ ఉండదు. విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ (ఏఏఐబీ) అధికారులు వచ్చి ఫ్లాప్స్ మీట ఏ మెట్టులో ఉందో, కార్బురేటర్ వేడి మీట లాగి ఉందో లేదో చూస్తారు. ప్రొపెల్లర్ రెక్కలు మెలితిరిగి ఉంటే నేలను తాకేవేళకు ఇంజిన్ శక్తితో తిరుగుతున్నట్లు, పెద్దగా దెబ్బతినకుండా ఉంటే ఆగిపోయినట్లు అంచనా వేస్తారు. ఆ తర్వాత వారు అడిగేది చూసినవారినే. విమానం ఎంత ఎత్తున వచ్చింది, ఏ వైపు ఒరిగింది, చప్పుడు నిలకడగా ఉందా, తెగి తెగి వినిపించిందా, ఒక్కసారిగా ఆగిపోయిందా అన్న వివరాలు రైతు నోటి నుంచో, ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన దృశ్యాల నుంచో రావాల్సిందే.